మత్తడి దుంకేది నీళ్లొక్కటే కాదు

(గొలుసుకట్టు చెరువుల కింది రైతులు, మత్స్య సహకార సంఘాల సభ్యులు కలిసి కూసున్న సభలో చేసిన ప్రసంగ పాఠం)



మమ్ముల మాట్లాడమన్నప్పుడు ఏం మాట్లాడాలె అని చాలాసేపు ఆలోచించినం. చెరువుల గురించి మీకు మేము చెప్పేదేమున్నది? కట్ట ఎక్కడ జారుతదో, తూము ఎక్కడ కారుతదో మాకన్న మీకే ఎక్కువ ఎరుక. అందుకని మేము చేసిన తప్పు ఒకటి చెప్పుదామని వచ్చినం. ఆ తప్పుకు మా సొసైటీ, మా ఊరు కలిసి రెండు లక్షలకు పైన పోగొట్టుకున్నయి. మీరు పోగొట్టుకోవద్దు.

మా గొలుసులో నాలుగు చెరువులున్నయి. అన్నింటికన్న మీద కొత్తకుంట. అది మత్తడి దుంకితే ఊరచెరువుకు నీళ్లొస్తయి. ఊరచెరువు నిండితే నల్లచెరువు, నల్లచెరువు నిండితే పెద్దచెరువు. పెద్దచెరువు మత్తడి వాగులో పడుతది. ఆ వాగు మూసీలో, మూసీ వాడపల్లి కాడ కృష్ణలో. కొత్తకుంట శిఖంలో బర్రె కడిగిన నీళ్లు ఎప్పుడో ఒకనాడు కృష్ణకు చేరుతయన్నట్టు. కట్టినోళ్లు అట్లనే కట్టిన్రు. ఒక చుక్క కూడ వృథా పోవద్దని, మీది చెరువు వదిలింది కింది చెరువు పట్టుకోవాలని. ఆ తెలివి గురించి మనం ఎన్నో సభల్లో గొప్పగ చెప్పుకున్నం, చెప్పుకోవాలె కూడ. అయితే అదే తొవ్వలో ఇంకేం వస్తున్నదో మాత్రం చూడలేదు.

పెద్దచెరువు మా సొసైటీది. మూడేండ్ల కింద ఎండకాలంలో అది చెరువు లెక్కనే లేకుండె. కట్ట నుంచి శిఖం చివరి దాకా గుర్రపుడెక్క. వల ఇసిరితే ఆకుల మీద పరుచుకునేది, నీళ్లు తాకకపోయేది. థర్మాకోల్ తెప్ప నాలుగు గజాలు నడవాలంటే ఒక మనిషి ముందర కొడవలితోని కోసుకుంట పోవాలె. కింద నీళ్లకు ఎండ లేదు, గాలి లేదు. చేప తేలి చచ్చేది. దోమల సంగతి చెప్పే పని లేదు, ఇండ్లల్ల పిల్లలకు జ్వరాలు.

సరే అని ఇంటికి 500 రూపాయల లెక్కన చందా వేసుకున్నం. సొసైటీ పైసలు దానికి కలిపినం. జేసీబీ కిరాయికి తెచ్చినం. ఇరవై రోజులు తీసినం. తీసింది తీసినట్టే కట్ట మీద గుట్టలు పోసినం. చెరువు బయటపడ్డది. పేపర్లో ఫొటో పడ్డది, మేమంతా పారలు పట్టుకొని నిలబడ్డ ఫొటో. ఆ ఫొటో ఇప్పటికీ సొసైటీ ఆఫీసు గోడకున్నది. చూసినప్పుడల్లా సిగ్గయితది.

శ్రావణంలో వానలు గట్టిగ పడ్డయి. ఒక రాత్రి మీది మూడు చెరువులు ఒకదాని వెనక ఒకటి మత్తడి దుంకినయి. పొద్దున కట్ట మీదికి పోతే వరద నీళ్లలో పచ్చటి గడ్డలు తేలుకుంట వస్తున్నయి. ఒక్కొక్కటి గుల్లంత, కొన్ని నులకమంచమంత. అవి ఒక్కటే కాదు. మేము కట్ట మీద పోసిన గుట్టల్లో పచ్చిగ మిగిలింది కూడ వానకు జారి చెరువులో పడ్డది. దసరా వచ్చేసరికి మూడొంతుల చెరువు మళ్ల కమ్ముకున్నది.

మా సంఘంలో ఒక పెద్దమనిషి ఉన్నడు. ఎనభై దాటినయి, ఇప్పుడు వల పట్టడు. ఆయన అన్న మాట: "ఇల్లు ఊడ్చేటప్పుడు వాకిలి కాడికెళ్లి లోపలికి ఊడుస్తరా బిడ్డా?" అంతే అన్నడు. అప్పుడు పోయినం మేము కొత్తకుంటకు. మా ఊరు కాదు, మా మండలం కూడ కాదు. కుంట వెనక మూలకు, సర్కారు తుమ్మల కింద, ఒక గది పట్టేంత గుర్రపుడెక్క ఉన్నది. అంతే. ఆ ఊరోళ్లకు దానితోని ఇబ్బంది లేదు. నీళ్లు ముంచుకునే దిక్కు అది లేదు, బర్రెలు దిగే దిక్కు లేదు. వాళ్లెందుకు తీస్తరు?

ఇక్కడ చిన్న లెక్క చెప్పుకుందాం. ఈ మొక్క గింజతోని ఒక్కటే పెరగది. తల్లి మొక్కకు పక్కకు ఒక తీగ సాగుతది, ఆ తీగ కొసకు పిల్ల మొక్క వస్తది. వెచ్చటి నీళ్లు, దాంట్ల మురికి కలిసి బలం ఉంటే రెండు వారాలకు అటూ ఇటుగా రెట్టింపు అయితది. పది అడుగుల పొడువు, పది అడుగుల వెడల్పు ముక్క అనుకోండి. పది సార్లు రెట్టింపు అయితే వెయ్యింతలు. అంటే రెండెకరాల పైన. పది సార్లంటే ఐదు నెలలు. మిరుగు కార్తెకు గది అంత ఉన్నది దీపావళికి రెండెకరాలు. దీనికి తోడు గింజ. పూసిన తర్వాత గింజలు బురదలో పడి ఇరవై ఏండ్ల దాకా కూడ బతికి ఉంటయి. చెరువు ఎండింది గదా, ఇగ పీడ పోయింది అనుకుంటం. మళ్ల నీళ్లొచ్చిన ఏడు అది లేస్తది.

ఇది మన మొక్క కాదు. దక్షిణ అమెరికాలో అమెజాన్ నది నీళ్లలో పుట్టింది. పంతొమ్మిదో శతాబ్దం చివర్ల పువ్వు ముద్దుగున్నదని బెంగాల్‌కు తెచ్చిన్రు. పువ్వు ముద్దుగనే ఉంటది, ఊదా రంగుది. బతుకమ్మలో పేర్చుదామా అని అడిగిన ఆడబిడ్డలు మా ఊళ్లె కూడ ఉన్నరు. నలభై యాభై ఏండ్లు తిరిగేసరికి బెంగాల్ వాగులు, కాలువలు పడవ నడవకుండ అయినయి, వరి మునిగింది. 1936లో దాన్ని నిర్మూలించటానికి అక్కడ ప్రత్యేకంగ చట్టమే చేయవలసి వచ్చింది. చట్టానికి మొక్క భయపడలే.

గుర్రపుడెక్క కొంతలో కొంత నయం. అది మీదికెళ్లి కిందికే వస్తది, ఎదురు పోలేదు. చేప అట్ల కాదు. తొలకరికి మత్తడి పారినప్పుడు చేప ఎదురెక్కుడు మీరందరు చూసిందే. చిన్నప్పుడు మత్తడి కాడ గంపలు పెట్టి పట్టినోళ్లమే అందరం. కింది చెరువులో ఉన్న చేప మీది చెరువుకు పోతది, మీదిది కిందికి వస్తది. మంచి చేప పోయినట్టే చెడ్డ చేప పోతది.

చెడ్డ చేప అంటే ఏంది? రెండింటి గురించి చెప్పుతం.

మొదటిది పేపర్లు డెవిల్ ఫిష్ అని, సక్కర్ చేప అని రాసేది. మా పిల్లలు దెయ్యపు చేప అంటరు. నల్లగ, ఒళ్లంత మచ్చలు, పొలుసు ఉండది, దాని జాగాల ఎముక పలకలు, మొసలి తోలు లెక్క. మూతి కిందికి ఉంటది, నోటితోని రాయిని పట్టుకుంటది. వీపు మీద పెద్ద రెక్క, తెరచాప లెక్క. ఇది కూడ దక్షిణ అమెరికాదే. అద్దాల తొట్టిలో పాచి తింటదని రంగు చేపల దుకాణాల్లో అమ్ముతరు. దుకాణంలో వేలెడంత ఉంటది. పెరిగితే మూరెడు దాటుతది. తొట్టి సరిపోదు. చంపుదామంటే మనసు రాదు. పుణ్యం వస్తదని తీసుకపోయి చెరువులో వదులుతరు. వదిలినోళ్లను తిట్టటానికి మాకు నోరు రాదు, జీవాన్ని బతికియ్యాలనే అనుకున్నరు పాపం. ఆ పుణ్యానికి లెక్క మనం కడుతున్నం.

ఏం చేస్తది ఇది? మనిషిని కరవది. వలలో పడితే ముండ్లు, పలకలు చిక్కుకుంటయి, విడిపించలేక వల కోసుకోవాలె. కొన్న వల నాలుగు సార్లకు పనికిరాకుండ పోతది. సంతలో ఎవరు కొనరు. కొర్రమీను, రవ్వ, బొచ్చె పెరగవలసిన జాగాల ఇది పెరుగుతది. నీళ్లలో గాలి తక్కువైతే మీదికొచ్చి గాలి మింగుతది. అందుకని మురికి నీళ్లలో తక్కినయి చచ్చినా ఇది చావది. నీళ్ల బయట కూడ గంటల తరబడి బతుకుతది.

అన్నింటికన్న మమ్ముల భయపెట్టింది ఇంకొకటి. గుడ్లు పెట్టటానికి ఇది నీటి మట్టానికి కింద గట్టుకు బొరియ తవ్వుతది. గజం లోతు దాకా పోతది. మగ చేప ఆ బొరియలో గుడ్లకు కావలి ఉంటది. ఒకటి తవ్విన పక్కన ఇంకొకటి. అమెరికాలో ఫ్లోరిడా కాలువల గట్లు దీని బొరియలతోని జారిపోయినయని అక్కడివాళ్లు రాసిన్రు. వాళ్లవి కాలువలు. మనయి మట్టి కట్టలు, ఐదారు వందల ఏండ్ల కింద పోసిన మట్టి. ఎలుక బొర్రకే కట్ట తెగిందని మన పెద్దలు చెప్పిన కతలున్నయి. నీళ్లు నిండుగ ఉన్నప్పుడు ఆ బొరియలు కనపడయి. ఎండకాలం నీళ్లు దిగినప్పుడు చూడాలె. మేము ఇప్పుడు ప్రతి ఎండకాలం కట్ట లోపలి దిక్కు నడుచుకుంట చూస్తున్నం. రైతన్నలకు మా మనవి ఇదే, ఇది చేపలోళ్ల గోస అనుకోకండి. కట్ట పోతే మునిగేది మీ పొలం.

ఇదేదో మా ఒక్క ఊరి ముచ్చట కాదు. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీళ్లు ముంచుకపోయి, ఆ నీళ్లలో చేప విడిచిన డీఎన్ఏ ఆనవాలు పట్టే పద్ధతి తయారు చేసిన్రు. చేపను పట్టే పని లేదు, నీళ్లు చాలు. 2024లో బయటికొచ్చిన వాళ్ల లెక్క ప్రకారం తూర్పు కనుమల నీటి వనరుల్లో 60 శాతం దాకా ఈ చేప చేరింది. మెక్సికోలో ఇన్ఫియర్నియో అని పెద్ద జలాశయం ఉన్నది. ఒకప్పుడు ఆ దేశంలో మంచినీళ్ల చేపల వేటకు పేరుపొందిన జాగా. 2000 తర్వాత కొన్నేండ్లకే అక్కడి వలల్లో పడేది ఎక్కువ భాగం ఈ చేపనే అయింది. వేటోళ్ల బతుకులు చెదిరిపోయినయి.

రెండోది ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్. ఇది మీకు నాకన్న బాగ తెలుసు, పేరు చెప్పంగనే కొందరు తల దించుకుంటున్నరు. 2000 సంవత్సరంలోనే కేంద్రం దీని పెంపకాన్ని నిషేధించింది. అయినా గుంతలు తవ్వి, కోళ్ల వ్యర్థాలు వేసి పెంచుతనే ఉన్నరు. పోలీసులు పట్టుకొని గోతులు తీసి పూడ్చిన వార్తలు తెలంగాణ పత్రికల్లో ఎన్నోసార్లు వచ్చినయి. చూడటానికి మన మార్పు చేప లెక్కనే ఉంటది, ఆ పేరు మీదనే అమ్ముతరు. మాకు దాని రుచి గురించి పంచాయితీ లేదు. ఆ గుంతలు ఎక్కడ తవ్వుతున్నరో చూడండి. వాగు పక్కన, చెరువు శిఖంలో. ఎందుకంటే నీళ్లు అక్కడ దొరుకుతయి. వరదొస్తే గుంత, వాగు ఒక్కటైతయి. అది దొరికిన చేపనల్లా తింటది, తడి ఉంటే నేల మీద కూడ పాకుతది. ఒక్కని గుంతలో ఉన్నన్ని రోజులు అది వాని నేరం. వాగులో పడ్డంక అందరి కష్టం.

విదేశీ చేపలన్నీ దుష్మన్లే అని మేము అనటం లేదు. బంగారు తీగ బయటి నుంచి వచ్చిందే, ఇయ్యాల మన చెరువుల్లో అందరం పెంచుతున్నం, అమ్ముతున్నం. సిల్వర్ కార్ప్ 1959లో దేశానికి తెచ్చిన్రు. అయితే ఒక ముచ్చట ఉన్నది. హిమాచల్‌లో భాక్రా ఆనకట్ట వెనక గోవింద్‌సాగర్ ఉన్నది. 1971లో వరదొచ్చి ఒక చేపల ఫారం నుంచి సిల్వర్ కార్ప్ ఆ జలాశయంలో పడ్డది. ఎవరు కావాలని వదలలేదు. కొన్నేండ్లకు అక్కడ అదే రాజ్యం చేసింది, బొచ్చె తగ్గిపోయింది. ఇక్కడ ఒక చెరువులో మేలు చేసిన చేప ఇంకొక నీళ్లలో కీడు చేయొచ్చు. అందుకే ఏ చేప ఎక్కడికి పోతున్నదో మనకు తెలిసి పోవాలె.

ఇంకొంచెం దూరం పోదాం. అమెరికాలో చికాగో పట్నం ఉన్నది. మురికి నీళ్లు తాము తాగే మిషిగన్ సరస్సులో కలుస్తున్నయని 1900లో పెద్ద కాలువ తవ్వి, ఆ నీళ్లను మిసిసిపీ నది దిక్కు మళ్లించిన్రు. రెండు వేరువేరు నీళ్ల లోకాలు కలిసిపోయినయి. అప్పటికి అదొక ఘనకార్యం. డెబ్బై ఏండ్ల తర్వాత దక్షిణాదిన చేపల చెరువులోళ్లు పాచి తింటదని సిల్వర్ కార్ప్‌ను, దాని చుట్టాలను తెచ్చుకున్నరు. అవి తప్పించుకొని మిసిసిపీలో పడి, ఎదురెక్కుకుంట ఆ కాలువ దిక్కు వచ్చినయి. ఇప్పుడు అవి సరస్సులోకి పోవద్దని కాలువ నీళ్లలో కరెంటు పెట్టిన్రు. 2002 నుంచి ఆ కరెంటు అడ్డుగోడ నడుస్తున్నది. ఖర్చు మన ఊహకు అందది. వంద ఏండ్ల కింద కాలువ తవ్వినప్పుడు ఒక్క ఇంజనీరు కూడ చేప గురించి ఆలోచించలే.

మరి మనం ఆలోచించినమా? శ్రీరాంసాగర్ రెండో దశ కాలువ గోదావరి నీళ్లను సూర్యాపేట దాకా తెచ్చింది. సూర్యాపేట వాగులు మూసీలో పడతయి, మూసీ కృష్ణలో. కింద ఆంధ్రలో 2015లో పట్టిసీమ నుంచి గోదావరి నీళ్లను ఎత్తి కృష్ణలో కలిపిన్రు. దేవాదుల నీళ్లు ధర్మసాగర్ ఎక్కినయి. నీళ్ల కోసం ఎన్ని దెబ్బలు తిన్నమో, ఎన్ని సభలు పెట్టినమో ఇక్కడ కూసున్నోళ్లకు యాదికున్నది. కాలువ వద్దనే మాట మా నోట రాదు. ఎండిన శిఖం చూసినోళ్లం మేము. ప్రాజెక్టు కట్టేటప్పుడు ఎన్ని టీఎంసీలు, ఎన్ని మోటర్లు, ఎన్ని ఎకరాలు అని లెక్కలు తీస్తరు. మోటరు రెక్కల్లో పెద్ద చేప నలిగిపోవచ్చు, గింజ నలగది, మొక్క ముక్క నలగది. ఆ లెక్క ఏ కాగితంలో ఉన్నదని మాత్రం అడుగుదాం.

చట్టం లేదా అంటే ఉన్నది. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో సవరణ తెచ్చి 62ఎ అనే సెక్షన్ చేర్చిన్రు, 2023 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చింది. చొచ్చుకొచ్చే విదేశీ జాతుల దిగుమతిని, వ్యాపారాన్ని కట్టడి చేసే అధికారం కేంద్రానికి ఇచ్చింది. మంచిదే. కాని ఆ నిర్వచనం దేశానికి చెందని జాతుల గురించే. ఒక నదిలో చేప ఇంకొక నదికి పోవుడు దాంట్ల లేదు. రాష్ట్రాల మీదుగా, నదుల మీదుగా పోయే చేపపిల్లల లారీని ఎవరు ఆపి చూస్తరు?

లారీ అంటే గుర్తొచ్చింది. 2016లో మొదలైన ఉచిత చేపపిల్లల పంపిణీ మంచి పథకమే, మా సొసైటీకి అది ఆసరా అయింది. ఆ పిల్లల్లో ఎక్కువ భాగం కృష్ణా, గోదావరి డెల్టా హేచరీల నుంచే వచ్చినయి. ఒక ఏడు మా చెరువుకు లారీ వచ్చింది రాత్రి ఎనిమిదింటికి. డ్రైవరుకు తొందర, వెంట వచ్చిన సారుకు తొందర, మాకు సంబురం. ఆక్సిజన్ కవర్లు లెక్కపెట్టినం, విప్పినం, పోసినం, సంతకం పెట్టినం. సెల్‌ఫోన్ వెలుగులో ఒక పిల్లగాడు చెయ్యి పెట్టి, "అన్నా, ఇది నల్లగున్నది, మూతి కిందికున్నది" అని ఒకటి తీసి చూపెట్టిండు. అప్పటికి సగం కవర్లు ఖాళీ అయినయి. ఆ ఒక్కటి మా చేతికి దొరికింది. దొరకనియి ఎన్నో ఎట్ల చెప్పుతం? గుత్తేదారును తప్పు పట్టొచ్చు, పట్టినం కూడ. అయితే సంతకం మాది.

అప్పటి నుంచి మేము ఒక కట్టుబాటు చేసుకున్నం. రాత్రి వచ్చిన లారీని తెల్లారేదాకా ఆపుతం. డ్రైవరు గుణుగుతడు, చాయ తాగిపిస్తం. కవర్లు కాసేపు చెరువు నీళ్లలో తేలేస్తం, పిల్లలకు నీళ్ల వేడి అలవాటు కావాలె గదా. తర్వాత చెరువులో పోయకుండ, సన్న కన్నుల దోమతెర వలను నాలుగు కట్టెలకు కట్టి తొట్టి లెక్క చేసి దాంట్ల పోస్తం. ఇద్దరు ఆడోళ్లు, ఇద్దరు మొగోళ్లు కూసోని చూస్తరు. నిజం చెప్పాలంటే ఆడోళ్ల కండ్లే చురుకు, చేపలు ఏరి అమ్మే చేతులు అవి. చూసినంకనే చెరువులోకి. కవర్లో వచ్చిన నీళ్లు మాత్రం చెరువులో పోయం, కట్ట అవతల ఎండిన నేల మీద పోస్తం. ఆ నీళ్లలో ఏ గింజ, ఏ పురుగు ఉన్నదో మన కంటికి కనపడది. మొత్తం రెండు మూడు గంటల పని.

వలల సంగతి కూడ అంతే. కిరాయికి పోయి వేరే చెరువులో వేట చేసి వచ్చిన వలను అదే దినం మన చెరువులో దింపొద్దు. దులిపి, ముక్కలు ఏరి, కట్ట మీద బాగ ఎండేసి దింపాలె. తెప్ప కూడ తుడవాలె. న్యూజీలాండ్‌లో 2004లో నదుల్లో ఒక పాడు నాచు బయటపడితే అక్కడి ప్రభుత్వం పడవలోళ్లకు చెప్పింది ఇదే, చూడు, కడుగు, ఎండెయ్యి అని. మన తాతలు ఎట్లాగు వల ఎండేసేది, కుళ్లొద్దని. మనమే నైలాన్ వల వచ్చినంక ఎండేసుడు మానేసినం.

ఇగ జాలీల పంచాయితీ. చేప పోవద్దని మత్తడికి ఇనుప జాలీ కట్టుడు మనకు అలవాటు. అదే జాలీ గుర్రపుడెక్కను కూడ ఆపుతది గదా అని కొందరన్నరు. మేము కూడ మొదలు అట్లనే అనుకున్నం. తప్పు. పెద్ద వరదలో ఆ చెత్తంత వచ్చి జాలీకి అడ్డం పడితే మత్తడి నీళ్లు వదలది, కట్ట మీద బరువు పడుతది. ఇంజనీర్లు జాలీ తీసెయ్యమంటే మనం వాళ్లతోని కొట్లాడినం, కాని ఈ విషయంలో వాళ్ల మాటనే న్యాయం. మత్తడి కాడ ఆపుడు కాదు, వానకు ముందు మీది చెరువులోనే లేకుండ చేయాలె. చిన్న కాలువల మీద, కావలి ఉండి రోజూ చెత్త తీసే జాగాల జాలీ పెట్టొచ్చు.

మందు కొడుదాం అనేటోళ్లు ఉన్నరు. చెరువులో బర్రెలు తాగుతయి, చేపలున్నయి, బోర్లకు అదే నీళ్లు. మేము ఒప్పుకోం. దీన్ని తినే ముక్కుపురుగు ఒకటున్నది, నియోకెటినా అంటరు. దక్షిణ అమెరికాదే, 1980లలో పరీక్షలు చేసి బెంగళూరు దిక్కు వదిలిన్రు. ఏడాదంతా నీళ్లుండే చెరువులో కొన్నేండ్లకు పని చేస్తది. ఎండకాలం ఎండిపోయే కుంటలో మొక్కతోని పాటు పురుగూ పోతది. ఊరి మురికి మోరీ చెరువులో పడ్డన్ని రోజులు మొక్క పెరుగుడే ఎక్కువ, పురుగు తినుడు తక్కువ. మోరీని మళ్లించకుండ ఏ పురుగు తెచ్చినా దండుగ.

చివరికి కష్టమంతా ఎక్కడొచ్చిందంటే, పైసల కాడ, హద్దుల కాడ. కొత్తకుంట మా సొసైటీది కాదు. మేము పోయి తీస్తమంటే ఆ ఊరోళ్లు, "మా కుంటలో మీకేం పని, చేపలు పట్టుకపోవటానికి వచ్చిన్రా?" అన్నరు. వాళ్ల అనుమానం తప్పు కాదు, ఎన్ని ఊర్ల మధ్య చేపల కోసం తలలు పగిలినయి. ఒక్కొక్క చెరువు ఒక్కొక్క సొసైటీకి ఉంటది. మత్తడికి మత్తడికి నడుమ ఉన్న వాగు ఎవరిదీ కాదు. మూడు సార్లు తిరిగినం. నాలుగోసారి వాళ్ల సర్పంచును, పెద్దమనుషులను మా పెద్దచెరువు కాడికి తోలుకొచ్చి చూపెట్టినం. అప్పుడు ఒప్పుకున్నరు. షరతులు కాగితం మీద రాసుకున్నం. తీసేది వాళ్ల ఊరి కూలీలే, కూలి మాది. వల తెచ్చేది లేదు. తీసిన గుర్రపుడెక్క చెరువు కట్ట మీద కాకుండ, వాన నీళ్లు తిరిగి చెరువులోకి రాని చెలక మీద పోసి ఎండబెట్టి, పెంటల కలపాలె. కింది ఊరు పైసలతోని మీది ఊరి కుంట బాగు చేసుడు ఏందని మా ఊళ్లె కూడ లొల్లి అయింది. కొందరు ఇప్పటికీ మాతోని మాట్లాడుతలేరు. లెక్క మాత్రం చూపెట్టినం. పెద్దచెరువుకు పెట్టింది రెండు లక్షల పైన, ఒక్క వానకు పోయింది. కొత్తకుంటకు పెట్టింది పద్దెనిమిది వేలు. నిరుడు కొత్తకుంట, ఊరచెరువు తీసినం. ఈ ఎండకాలం నల్లచెరువు. పెద్దచెరువు ఇంకా అట్లనే కమ్ముకొని ఉన్నది, దాని వంతు ఆఖరుకు. మీది మూడు కుంటల్లో బురదలో గింజ ఉంటది కాబట్టి నెలకొకసారి ఇద్దరు మనుషులు పోయి చూసొస్తున్నరు, కనపడ్డది కనపడ్డట్టు పీకుతున్నరు.

ఇందాక ఒక తమ్ముడు అడిగిండు, వలలో దెయ్యపు చేప పడితే ఏం చేయాలె అని. చాలామంది విసుగుతోని తీసి మళ్ల నీళ్లలోకే విసురుతున్నరు. కొందరు కట్ట మీద పడేసి పోతున్నరు, గంటల తరబడి బతికుండి, కట్ట వాలుకు జారి మళ్ల చెరువులో పడుతది. రెండూ వద్దు. చెరువుకు దూరంగ మోకాలు లోతు గుంత తీసి, చంపి పూడ్చాలె. ఎన్ని పడ్డయో, ఏ మూలకు పడ్డయో సొసైటీ పుస్తకంలో తేదీతోని రాయాలె. మా పుస్తకం తెచ్చినం, ఆ బల్ల మీద ఉన్నది. సభ అయినంక చూడొచ్చు. కొత్తకుంటోళ్లతోని రాసుకున్న కాగితం జిరాక్సులు కూడ ఇరవై తెచ్చినం, సొసైటీకి ఒకటి తీసుకపోండి.